‘కళ’ దొరకని నిఘంటువు: ఒక సంస్కృత నిఘంటువుల సైట్‌కు ముఖపుటను, వాడుక సూచనలను తిరగరాసిన వైనం

సంస్కృత నిఘంటువులను ఆన్‌లైన్‌లో అందించే ఒక సైట్‌కు ముఖపుటను, వాడుక సూచనలను బాగుచేసి పెట్టమని నన్ను అడిగినప్పుడు అది నెల రోజుల్లో తేలిపోయే పని అనుకున్నాను. నా వృత్తి సాఫ్ట్‌వేర్లకు సహాయ పత్రాలు రాయడం. సంస్కృతం కాలేజీలో ద్వితీయ భాషగా చదివినంత వరకే వచ్చు. ఆ సైట్‌లో సరుకుకు లోటు లేదు. విల్సన్ 1832 నాటి కూర్పు, 1855 నుంచి 1875 వరకు ఏడు సంపుటాలుగా వెలువడిన బోట్‌లింక్, రోట్‌ల పీటర్స్‌బర్గ్ నిఘంటువు, మోనియర్ విలియమ్స్ 1872, 1899 కూర్పులు రెండూ, ఆప్టే 1890 కూర్పు, రాధాకాంతదేవుని శబ్దకల్పద్రుమం, తారానాథ తర్కవాచస్పతి వాచస్పత్యం అక్కడున్నాయి. ఇంత రాశిని అక్షరమక్షరం టైపు చేయించి, తప్పులు దిద్ది, వెతకడానికి వీలుగా అమర్చడం ఎంత పెద్ద శ్రమో చెప్పనక్కర లేదు. జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయంలో 1990లలో మోనియర్ విలియమ్స్ నిఘంటువుతో మొదలైన ఆ పరంపరకు ఈ రంగంలో పనిచేసే సైట్లు ఎంతో రుణపడి ఉన్నాయి. నా ముందున్న సైట్‌లో చిక్కంతా గుమ్మం దగ్గరే.

పాత ముఖపుట తెరవగానే ప్రాజెక్టు చరిత్ర మూడు పేరాలు, దాని కింద ఒక పట్టిక కనిపించేవి. పట్టికలో వరుసకొక నిఘంటువు. దానికి రెండు మూడు ఇంగ్లీషు అక్షరాల సంకేతం, అచ్చయిన సంవత్సరం, పక్కన నాలుగు లంకెలు. ఆ లంకెల్లో ఒకటి సాధారణ శోధన, ఒకటి విస్తృత శోధన, ఒకటి స్కాన్ చేసిన పుటలు, ఒకటి డౌన్‌లోడ్. సంకేతాలు తెలిసినవారికి ఇంతకన్నా సౌకర్యం అక్కర్లేదు. తెలియనివారికి మాత్రం ఆ ముఖపుట, ఒక మాట చేతపట్టుకుని వచ్చిన మనిషిని మొదట ముప్పై గదుల్లో ఒకటి ఎంచుకోమని, ఆ తరువాత దాని నాలుగు తలుపుల్లో ఒకటి ఎంచుకోమని అడుగుతున్నట్టు ఉండేది.

గీతలు గీయడానికి ముందు ఆరుగురిని ఒక్కొక్కరుగా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, వారికి నిజంగా కావలసిన మాటనే వెతకమని, నేను పక్కన కూర్చుని నోరు మెదపకుండా చూశాను. ఈ పనిలో నేను చేసిన ఖర్చు లేని, అన్నిటికన్నా ఫలితమిచ్చిన పని ఇదే. ఆ ఆరింటిలో రెండు సంఘటనలు ఈ మార్పులకు ఆధారమయ్యాయి కాబట్టి వాటిని వివరంగా చెబుతాను.

మొదటిది, తెలుగు ఎం.ఏ. చదువుతున్న ఒక విద్యార్థిని వెతికిన ‘కళ’. ఆమె మోనియర్ విలియమ్స్ తెరిచి, తెలుగు టైపింగ్ అలవాటు కొద్దీ ళకారానికి పెద్ద ఎల్ వాడి ‘కళ’ అని కొట్టింది. ఫలితాలు లేవు. కాసేపు ఆలోచించి చిన్న ఎల్‌తో ‘కల’ అని కొట్టింది. ఈసారి ఫలితం వచ్చింది: అస్పష్టమైనది, మూగది, మెల్లని తీయని ధ్వని అని. ఆమె తెర వైపు చూసి, ‘ఇదేదో వేరే మాటండీ సార్’ అని, మరో ట్యాబ్ తెరిచి సాధారణ సెర్చ్‌లోకి వెళ్లిపోయింది. ఆమెకు కావలసిన మాట అదే నిఘంటువులో, అక్కడికి దగ్గర్లోనే, ‘కలా’ అనే దీర్ఘాంత రూపంలో ఉంది. సంస్కృతంలో అది ఆకారాంత స్త్రీలింగం. తెలుగులోకి వచ్చేటప్పుడు చివరి దీర్ఘం హ్రస్వమైంది, లకారం ళకారమైంది. నిఘంటువు చెప్పిన సమాధానంలో తప్పేమీ లేదు. కానీ ఖాళీ చేతులతో పంపడం కన్నా వేరే మాట అర్థం చేతిలో పెట్టి పంపడం ఎక్కువ ప్రమాదమని ఆ రోజు నాకు తెలిసింది.

రెండవది, పదవీ విరమణ చేసిన ఒక సంస్కృతోపాధ్యాయుడు వెతికిన ‘శేష’. ఆయనకు రోమన్ లిపిలో సంస్కృతం టైపు చేయడం బాగా అలవాటే. హార్వర్డ్-క్యోటో పద్ధతి ఎన్నడో నేర్చుకున్నారు. ఆ పద్ధతిలో తాలవ్య శకారానికి చిన్న జెడ్, మూర్ధన్య షకారానికి పెద్ద ఎస్ వాడతారు. మా సైట్ మాత్రం ముందుగా ఎంచి ఉంచినది ఎస్ఎల్‌పీ1 పద్ధతి. అందులో సరిగ్గా తలకిందులు: పెద్ద ఎస్ శకారం, చిన్న జెడ్ షకారం. ఆయన తన పద్ధతిలో నిర్దుష్టంగా ‘శేష’ అని కొడితే యంత్రం దాన్ని ‘షేశ’ అని చదువుకుని, అలాంటి మాట లేదని చెప్పింది. నేను పెట్టుకున్న మౌనవ్రతం వదిలి, ‘మాస్టారూ, పైన ఒక ఎంపిక ఉంది, అది మార్చాలేమో చూడండి’ అన్నాను. ‘ఆ పెట్టెతో నాకేం పని బాబూ, నేను శేష అనే కదా కొట్టాను’ అన్నారాయన. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే న్యాయం ఆయన వైపే ఉంది. తాను కొట్టినదాన్ని యంత్రం ఎలా చదివిందో ఆయనకు చూపించే చోటు తెరమీద ఎక్కడా లేదు.

మిగిలిన నలుగురి అనుభవం, తరువాత తీసి చూసిన శోధన లాగ్‌లు, అంటే వాడుకరులు ఏ మాటలు వెతికారో సైట్‌లో నమోదైన జాబితాలు, ఈ రెండింటినే వేర్వేరు రకాలుగా నిరూపించాయి. ఫలితం రాని మాటల్లో టైపు తప్పులకన్నా, చక్కగా టైపు చేసినా నిఘంటువు ఎత్తుకున్న రూపంలో లేని మాటలే ఎక్కువగా కనిపించాయి. ‘ధర్మం’, ‘రాముడు’, ‘గురువు’, ‘యశస్సు’, ‘వాక్కు’, ‘భగవంతుడు’ వంటివి అన్నమాట. అప్పటి వరకు నేను ముఖపుట ఒక పని, వాడుక సూచనలు మరో పని అని విడదీసి చూశాను. ఇవి చదివాక ఆ విభజన నిలవలేదు. మార్గదర్శిని ఉండవలసిన చోటు శోధన విఫలమయ్యే చోటే. అది నేర్పవలసినది బొత్తాల పేర్లను పక్కనపెట్టి, నిఘంటువు ఒక మాటను ఏ రూపంలో తలచుకుంటుందో ఆ సంగతిని. తరువాత చేసినదంతా ఈ ఒక్క నిర్ణయం నుంచి వచ్చింది.

ముఖపుట: మొదటి ప్రయత్నం, దాని పరాభవం

మొదటి నమూనాలో నేను అత్యుత్సాహం చూపించాను. చరిత్రను, పట్టికను, సంకేతాలను అన్నిటినీ తీసేసి, మధ్యలో ఒకే ఒక వెతుకు పెట్టె ఉంచాను. చూడముచ్చటగా ఉంది. ప్రయోగాత్మకంగా పెట్టిన వారం రోజుల్లోనే పరిశోధకుల నుంచి ఉత్తరాలు వచ్చాయి, వాటిలో కొన్ని ఘాటుగానే. వారి వాదన న్యాయమైనది. ఒక అర్థం 1832లో విల్సన్‌లో ఉండి 1899 నాటి మోనియర్ విలియమ్స్‌లో లేకపోతే, ఆ తేడాయే వారికి కావలసిన సమాచారం. ఏ నిఘంటువు ఎప్పటిదో చెప్పే పట్టిక వారికి అలంకారం కాదు, పనిముట్టు. పైగా వారంతా తమ వ్యాసాల్లో పాత లంకెలను ఉదహరించి ఉన్నారు. సైట్‌ను మొదటిసారి చూసేవారి కోసం ఇరవై ఏళ్లుగా వాడుతున్నవారిని గుమ్మం బయట నిలబెట్టే హక్కు నాకు లేదు.

అందువల్ల రెండో నమూనాలో వెతుకు పెట్టె పైన, పట్టిక దాని కింద వచ్చాయి, పాత లంకెలన్నీ యథాతథంగా పనిచేసేలా ఉంచాము. పట్టికలో నిలువు వరుసలు మాత్రం మార్చాను. సంకేతం చివరికి పోయి, దాని చోట మూడు సంగతులు వచ్చాయి: అర్థాలు ఏ భాషలో ఉన్నాయి, మాటను ఏ రూపంలో ఎత్తుకుంటుంది, ఎవరికి పనికివస్తుంది. వీటిలో మొదటిది చాలామందికి నిర్ణాయకం. పీటర్స్‌బర్గ్ నిఘంటువు ఎంత గొప్పదైనా వివరణలు జర్మన్‌లో ఉంటాయి. శబ్దకల్పద్రుమం, వాచస్పత్యం సంస్కృతానికి సంస్కృతంలోనే అర్థం చెబుతాయి. ఈ మాట ముఖపుటలో చెప్పకపోవడం వల్ల లోపలికి వెళ్లి వెనక్కి తిరిగిన వారెందరో. ఇక నాలుగు లంకెలను నిఘంటువు పేరు మీద ఒక్క లంకెగా కుదించి, మిగిలిన మూడింటిని దాని లోపలి పుటకు పంపాను. ప్రాజెక్టు చరిత్ర, కృతజ్ఞతలు వేరే పుటకు వెళ్లాయి. దానికి ఒక పెద్దాయన నొచ్చుకున్నారు. తప్పులు దిద్దినవారి పేర్లు గుమ్మం మీదే ఉండాలని ఆయన కోరిక. ముఖపుట అడుగున ఆ పుటకు స్పష్టమైన లంకె పెట్టి ఆయనను ఒప్పించగలిగాము, మనస్ఫూర్తిగా ఒప్పుకున్నారని చెప్పలేను.

నిఘంటువు పేరు ఎంచుకోకుండానే మాట కొట్టిన వారికి ముందుగా ఏది చూపించాలన్న దాని మీద చర్చ చాలా రోజులు నడిచింది. మోనియర్ విలియమ్స్‌లో మాటల సంఖ్య ఎక్కువ, వైదిక ప్రయోగాలు ఉన్నాయి, 1333 పుటల గ్రంథం మొత్తం బాగా దిద్దబడి ఉంది. ఆప్టేలో కావ్యాల నుంచి ఉదాహరణ వాక్యాలు ఉంటాయి కాబట్టి పద్యం చదువుకునేవాడికి అదే హాయి. నా మొగ్గు కూడా అటే అని దాచనక్కర లేదు. చివరకు రెండింటినీ పక్కపక్కనే చూపించాలని తేల్చాము. అలా తేల్చగానే ఒక కొత్త సమస్య బయటపడింది. మోనియర్ విలియమ్స్ నామవాచకాన్ని ప్రాతిపదికగా, అంటే విభక్తి చేరని రూపంలో, ‘ధర్మ’ అని ఎత్తుకుంటే, ఆప్టే ప్రథమా విభక్తి ఏకవచనంలో ‘ధర్మః’ అని, ‘ఫలమ్’ అని ఎత్తుకుంటాడు. ఒకే పెట్టెలో కొట్టిన ఒకే మాట రెండు చోట్లా దొరకాలంటే, విసర్గను, చివరి మకారాన్ని వెతికే సమయంలో పట్టించుకోకుండా ఉండాలి. ఈ పని ప్రోగ్రామర్‌కు ఒక మధ్యాహ్నం పట్టింది. అంత చిన్న పని అంతకాలం ఎవరి దృష్టికీ రాకపోవడానికి కారణం, సైట్‌ను కట్టినవారు ఏ నిఘంటువుకు ఏ రూపం కావాలో కంఠతా తెలిసినవారు కావడమే.

వెతుకు పెట్టెలోకి వచ్చే అక్షరాలు

లిపి ఎంపిక జాబితాను తీసేయగలమా అన్నది తరువాతి ప్రశ్న. తెలుగు, దేవనాగరి లిపుల్లో కొడితే సందేహమే లేదు. యూనికోడ్‌లో వాటి చోట్లు వేరు కాబట్టి అక్షరాన్ని చూడగానే యంత్రం లిపిని గుర్తుపట్టగలదు. రోమన్ లిపిలో కొట్టినప్పుడే చిక్కు. పైన చెప్పిన శకార షకారాల తారుమారు ఒక్కటే కాదు. పెద్ద ఆర్ హార్వర్డ్-క్యోటోలో ఋకారం, ఎస్ఎల్‌పీ1లో ణకారం. ఒక పద్ధతిలో కొట్టిన ‘కృష్ణ’ను మరో పద్ధతిలో చదివితే నోరు తిరగని హల్లుల గుత్తి మిగులుతుంది. ఆ తిరగకపోవడమే మాకు ఆధారమైంది. కొట్టిన అక్షరాలను అన్ని పద్ధతుల్లోనూ చదివి, నిఘంటువులో నిజంగా ఉన్న మాట ఏ చదువులో వస్తుందో దాన్నే తీసుకుంటే చాలు. రెండు చదువుల్లోనూ మాటలు ఉన్న అరుదైన సందర్భాల్లో రెండూ చూపించి వాడుకరినే ఎంచుకోమంటాము. అన్నిటికన్నా ముఖ్యంగా, పెట్టె కింద ‘మీరు వెతుకుతున్న మాట: శేష’ అని తెలుగులోనూ దేవనాగరిలోనూ ఎప్పటికప్పుడు కనిపించే ఒక వరుస పెట్టాము. యంత్రం ఎలా చదివిందో కళ్లముందే ఉంటే, తేడా వచ్చినప్పుడు వాడుకరి తానే దిద్దుకుంటాడు. పాత జాబితాను కూడా పూర్తిగా తీసేయలేదు, పక్కన చిన్న అక్షరాల్లో ఉంచాము. ఒక పద్ధతికి కట్టుబడి పనిచేసే నిపుణులకు అది ఇప్పటికీ అవసరమే.

తెలుగు లిపిలో కొట్టేవారి కోసం మరికొన్ని సర్దుబాట్లు అవసరమయ్యాయి. మనం అనునాసికాలన్నిటికీ సున్నతోనే సరిపెట్టుకుంటాము. మోనియర్ విలియమ్స్ ‘అఙ్గ’ వంటి చోట్ల వర్గపంచమాన్ని (ఙ, ఞ, ణ, న, మలలో తగినదాన్ని) రాసి, ‘సంధి’ వంటి చోట్ల సున్ననే ఉంచాడు. కాబట్టి రెండింటినీ ఒకటిగా చూడమని యంత్రానికి చెప్పాలి. రేఫ తరువాతి హల్లును విల్సన్, శబ్దకల్పద్రుమకారుడు ద్విత్వం చేసి ‘ధర్మ్మ’ అని ముద్రించారు. దాన్నీ సాధారణ రూపంతో కలపాలి. ఎకార ఒకార హ్రస్వాలు సంస్కృతంలో లేవు కనుక ‘దెవ’ అని వస్తే ‘దేవ’ అని తీసుకోవాలి. ఇవన్నీ ఊహించినవే. ఊహించనిది ఒకటుంది: వేరే చోట నుంచి కాపీ చేసి అతికించిన తెలుగు మాటల్లో పొల్లు తరువాత కంటికి కనిపించని విడదీత అక్షరం ఒకటి దాగి ఉంటుంది. తెరమీద రెండు మాటలూ ఒకేలా కనిపిస్తాయి, ఒకటి దొరుకుతుంది, రెండోది దొరకదు. దాన్ని పట్టుకోవడానికి మాకు రెండు రోజులు పట్టింది.

డుమువులు

ఇక అసలు ముడి, తెలుగులో తత్సమంగా స్థిరపడిన మాట నుంచి సంస్కృత ఆరోపానికి, అంటే నిఘంటువు ఎత్తుకున్న రూపానికి, దారి చూపడం. దీనికోసం పెద్ద ఎత్తున యంత్రాభ్యాసం (మెషీన్ లెర్నింగ్) చేయించాలని ప్రోగ్రామర్ ప్రతిపాదించాడు. ఆ రాత్రి నాకు స్కూల్లో వల్లించిన ‘డుమువులు’, అంటే డు, ము, వు, లు అనే ప్రథమా విభక్తి ప్రత్యయాలు, గుర్తుకొచ్చి, పరవస్తు చిన్నయసూరి 1858లో ప్రకటించిన బాలవ్యాకరణం తీసి తత్సమ పరిచ్ఛేదం చదివాను. మేము కనిపెట్టాలనుకున్న సూత్రాలు అక్కడ ఉన్నాయి, వ్యతిరేక దిశలో. సంస్కృత శబ్దం తెలుగులోకి ఎలా వస్తుందో ఆయన చెప్పాడు. మాకు దాన్ని వెనక్కి నడిపించడమే పని.

‘రాముడు’, ‘ధర్మము’, ‘గురువు’ల్లో చివరి ప్రత్యయం తీసేయడం తేలిక. ‘ధర్మం’లోని సున్న ‘ము’కు మారురూపమే. ముప్రత్యయం లేకుండా అకారంతో ముగిసే తత్సమం సాధారణంగా సంస్కృతంలో ఆకారాంత స్త్రీలింగమవుతుంది: విద్య, భాష, సభ, కథ, శాఖ, మన విద్యార్థిని వెతికిన కళ. ద్విత్వంతో ఉకారాంతమైనవి హలంతాల నుంచి వచ్చినవి: యశస్సుకు ‘యశస్’, జగత్తుకు ‘జగత్’. వీటిలోనే కొన్ని మొండికేస్తాయి. వాక్కుకు మూలం ‘వాచ్’, దిక్కుకు ‘దిశ్’, ఆయుష్షుకు ‘ఆయుస్’. ఇక్కడ సూత్రంతో పాటు చిన్న పట్టిక కూడా కావలసి వచ్చింది. భగవంతుడు ‘భగవత్’ దగ్గర, విద్వాంసుడు ‘విద్వస్’ దగ్గర ఉంటారు. ఇకారాంతాలు మరీ కొంటెవి: ‘కవి’ కవిగానే ఉంటే, ‘నది’ దీర్ఘాంతమై ‘నదీ’ అవుతుంది, ‘పక్షి’ నకారాంతమై ‘పక్షిన్’ అవుతుంది. మూడు మార్గాలూ ప్రయత్నించి ఏది ఉంటే అది చూపించడం తప్ప వేరే ఉపాయం లేదు.

ఇలా కనిపెట్టిన రూపాన్ని నేరుగా చూపించాలా, లేక సూచనగా చూపించాలా అన్నది నేను పట్టుబట్టిన విషయం. యంత్రం నిశ్శబ్దంగా మార్చి చూపిస్తే వాడుకరికి పని జరుగుతుంది కానీ మరుసటి మాటకు మళ్లీ యంత్రం మీదే ఆధారపడతాడు. అందుకే ఫలితం రాని పుటను పూర్తిగా తిరగరాశాము. అంతకుముందు అక్కడ ‘ఫలితాలు లేవు’ అన్న రెండు మాటలే ఉండేవి. ఇప్పుడు ‘యశస్సు’ అని కొడితే ఇలా వస్తుంది: ‘యశస్సు అనేది తెలుగులో చేరిన రూపం. సంస్కృత నిఘంటువులో ఇది సకారాంతం. యశస్ అనే రూపంలో ఉంటుంది. తేజస్సు, మనస్సు, తపస్సు కూడా ఇలాగే.’ దాని కింద ‘యశస్’కు లంకె. ఆ మూడు ఉదాహరణల వాక్యం కోసం నేను ఇద్దరితో వాదించవలసి వచ్చింది, పుట పొడవవుతుందని వారి అభ్యంతరం. నా దృష్టిలో మార్గదర్శిని మొత్తంలో ఎక్కువ పనిచేసేవి అలాంటి వాక్యాలే.

‘కల’ వంటి సందర్భం ఇంతకన్నా సున్నితమైనది, ఎందుకంటే అక్కడ ఫలితం వస్తుంది. దానికి ఫలితం పైనే ఒక చిన్న వరుస చేర్చాము: ‘తెలుగులోని కళ అనే మాట కోసం అయితే కలా చూడండి.’ హ్రస్వాంతం, దీర్ఘాంతం రెండూ వేర్వేరు ఆరోపాలుగా ఉన్న ప్రతి చోటా ఇది వస్తుంది. ళకారాన్ని మాత్రం మారు మాట్లాడకుండా లకారంగా మార్చేస్తాము. ‘ప్రళయం’ కొట్టినవాడికి ‘ప్రలయ’ దొరుకుతుంది.

వాడుక సూచనలు

పాత మార్గదర్శిని ఒకే పొడవైన పుట, మెనూలో బొత్తాలు ఏ వరుసలో ఉన్నాయో ఆ వరుసలోనే రాసినది. దాని తెలుగు అనువాదం చేస్తే చాలని మొదట నాకు చెప్పారు. కొంత దూరం అనువదించి ఆపేశాను. ఇంగ్లీషు పాఠకుడి కోసం రాసిన ఆ పుట సగం భాగం వర్ణక్రమాన్ని, హ్రస్వదీర్ఘాల తేడాను, ఒత్తక్షరాలను వివరించడానికే పోయింది. క, ఖ, గ, ఘ చదివిన తెలుగు పాఠకుడికి అందులో ఒక్క పేరా కూడా అక్కర్లేదు. అతడికి అవసరమైన డుమువులు, ళకారం, సున్న ఆ పుటలో లేనే లేవు. కనుక తెలుగు మార్గదర్శినిని మొదటి నుంచి విడిగా రాశాను, పొడవు మూడోవంతుకు తగ్గింది.

కొత్త మార్గదర్శినికి మధ్యస్థానం ఒక్క ఆరోపం తాలూకు చిత్రం. ‘కలా’ను తీసుకుని, అందులోని ప్రతి గుర్తు మీదా గీత లాగి అదేమిటో రాశాము: లింగం చెప్పే అక్షరం, అర్థం, ఆ అర్థం దొరికే గ్రంథం పేరు పొట్టిరూపం, పుట, నిలువు వరుస సంఖ్యలు. మోనియర్ విలియమ్స్‌లో పొట్టిరూపాలు వందలకొద్దీ ఉన్నాయి, వాటి జాబితా ఎక్కడో ఒక మూల లంకెగా ఉండేది. ఇప్పుడు ప్రతి పొట్టిరూపం మీదా వేలు పెట్టగానే పూర్తి పేరు వస్తుంది.

వాటిలో ‘ఎల్.’ అనేదానికి మాత్రం ప్రత్యేకంగా ఒక పేరా కేటాయించాను, అందుకు నా సొంత అవమానం ఒక కారణం. అర్థం చివర ఎల్. అని ఉంటే, ఆ అర్థం ప్రాచీన కోశకారులు చెప్పినదే తప్ప, నిఘంటువు కూర్చేనాటికి ప్రకటితమైన ఏ గ్రంథంలోనూ ప్రయోగం కనబడలేదని భావం. చాలామంది దాన్ని లాటిన్ అనుకుంటారు, లేదా గమనించరు. చాలా ఏళ్ల కింద ఒక వ్యాసంలో నేను అలాంటి అర్థాన్ని పట్టుకుని ప్రాచీన వాడుక అని ధీమాగా రాసేశాను. అది చదివిన ఒక పండితుడు, ‘నాయనా, ఈ వాడుక ఎవరు వాడారో కూడా చెబితే సంతోషిస్తాము’ అని ఒక్క వాక్యం రాసి పంపారు. ఇప్పుడు మా సైట్‌లో ఆ గుర్తు ఉన్న అర్థం పక్కన ‘కోశాలలో మాత్రమే’ అని తెలుగులో కనిపిస్తుంది.

ధాతువుల సంగతి కూడా విడిగా చెప్పవలసి వచ్చింది. ‘అనుగచ్ఛతి’ అనే క్రియ అర్థం కావలసినవారు మోనియర్ విలియమ్స్‌లో అయితే అకారంలో ‘అనుగమ్’ దగ్గర చూడాలి. ఆప్టేలో, పీటర్స్‌బర్గ్‌లో అయితే ‘గమ్’ ధాతువు కిందికి వెళ్లి అక్కడ ‘అను’ ఉపసర్గను వెతకాలి. సమాసాలు కూడా అంతే: ఆప్టేలో అవి పూర్వపదం కింద ఒక గుంపుగా ఉంటాయి. పుస్తకం తిరగేసి పెరిగిన తరానికి ఇది చెప్పనక్కర లేదు, పెట్టెలో మాట కొట్టి మాత్రమే నిఘంటువును ఎరిగినవారికి చెప్పాలి. స్కాన్ పుటలకు లంకె ఇచ్చే చోట మరో హెచ్చరిక: 1899 నాటి అచ్చులో రోమన్ రాత నేటి పద్ధతిలో లేదు. ‘కృష్ణ’లోని ఋకారాన్ని ఆర్, ఐ అని రెండక్షరాలతో, షకారాన్ని ఎస్, హెచ్ అని రెండక్షరాలతో ముద్రించారు. సైట్‌లోని రూపానికీ స్కాన్‌కూ తేడా చూసి, టైపు తప్పని అనుకుని దిద్దుబాటు పంపేవారు తరచూ ఉండేవారు.

అర్థవిపరిణామం గురించి ఒక చిన్న భాగం రాశాను కానీ అంతకన్నా పెంచలేదు. తెలుగులో ఆగ్రహం కోపం, సంస్కృతంలో పట్టుదల. తెలుగులో అనుమానం సందేహం. సంస్కృతంలో హేతువు ద్వారా నిర్ణయించడం. అవసరం అక్కడ సందర్భం, ఉద్యోగం అక్కడ ప్రయత్నం. తెలుగు అర్థం కావలసినవారు తెలుగు నిఘంటువే చూడాలని ఒక వాక్యంలో చెప్పి వదిలేశాను.

చేయకూడదని నిర్ణయించుకున్నవి కూడా ఉన్నాయి. చాలామంది పెట్టెలో ఒక శ్లోకపాదాన్ని మొత్తంగా అతికిస్తారు. సంధి విడదీసే యంత్రాన్ని మా సైట్‌లోనే పెడదామన్న ఆలోచనను వద్దన్నాను. ఆ పనిని హైదరాబాద్ విశ్వవిద్యాలయం వారి సంసాధని, ఫ్రాన్స్‌లోని ఇన్రియా అనే కంప్యూటర్ పరిశోధన సంస్థలో తయారైన సంస్కృత్ హెరిటేజ్ సైట్ ఏళ్ల తరబడి సాధన చేసి అందిస్తున్నాయి. ఒకటికన్నా ఎక్కువ పదాలు వస్తే, ఇక్కడ ఒక్కొక్క పదమే వెతకగలమని చెప్పి అక్కడికి లంకె ఇచ్చాము. వీడియో పాఠం ఒకటి చేయించాము, చూసినవారు దాదాపు లేరు, తీసేశాము.

మూడు నెలల తరువాత లాగ్‌లు మళ్లీ తిరగేశాను. ఫలితం రాని మాటల జాబితా ఖాళీ కాలేదు, కానీ దాని స్వభావం మారింది. ‘ధర్మం’, ‘విద్య’ వంటివి మాయమై, వాటి చోట వ్యక్తుల పేర్లు, ఊర్ల పేర్లు, సంధి కలిసిన పదబంధాలు మిగిలాయి. ఉత్తరాల తీరు కూడా మారింది. ‘మాట దొరకలేదు’ అన్నవి తగ్గి, ‘ఫలానా ఆరోపంలో ఒక అక్షరం తప్పు పడింది’ అన్నవి వస్తున్నాయి.

అదే విద్యార్థినిని మళ్లీ పిలిచి అదే మాట వెతకమన్నాను. ఆమె ఈసారి తెలుగులోనే ‘కళ’ అని కొట్టి, వచ్చిన లంకె నొక్కి, ‘కలా’ ఆరోపాన్ని చివరి వరకు చదివింది. మొదట పదహారో వంతు, తరువాత చంద్రకళ, ఎంతో దూరం పోయాక అరవైనాలుగు కళలు. ‘అరవైనాలుగు కళలే కదా సార్ మనకు తెలిసినవి, పదహారో వంతు ముందెందుకు వచ్చింది?’ అని అడిగింది. ఆ అర్థం పక్కనున్న పొట్టిరూపం మీద వేలు పెట్టమన్నాను. ఋగ్వేదం, ఎనిమిదో మండలం అని వచ్చింది. అర్థాల వరుసకూ వాటి పక్కనున్న గ్రంథాల కాలానికీ ఉన్న సంబంధం గురించి మా మార్గదర్శినిలో ఒక్క వాక్యం కూడా లేదని అప్పుడు గమనించాను. ఆ సాయంత్రం ‘కలా’ చిత్రం మీద ఇంకొక గీత లాగి, ఆ వాక్యం రాయడం మొదలుపెట్టాను.